కంప్యూటర్ టెస్టులో నార్మల్ అన్నారు, క్లాసులో మాత్రం కుదరడం లేదు. ఈ ఏడీహెచ్‌డీ రిపోర్టు ఎలా చదవాలి?

గుంటూరమ్మ
గుంటూరు

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా బాబుకి 8 ఏళ్లు నిండాయి, మూడో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. రాయమంటే సగం పేజీ దగ్గర ఆగిపోతాడు. డైరీలో వారానికి మూడుసార్లు ‘నాట్ కంప్లీటెడ్’ అని ఎర్ర సిరా. స్కూలు వాళ్లు ఒకసారి ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) చూపించమన్నారు. ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. మొత్తం ఒక్క పూటలో అయిపోయింది. ముందు కంప్యూటర్ టెస్టు, 14 నిమిషాలు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వస్తుంటాయి, ఎక్స్ తప్ప ఏది వచ్చినా స్పేస్ బార్ నొక్కాలి. తర్వాత తలకి వైర్లు అంటించి ‘బ్రెయిన్ మ్యాపింగ్’. 18 వేలయింది.

రిపోర్టులో కంప్యూటర్ టెస్టు దగ్గర ‘వితిన్ నార్మల్ లిమిట్స్’ అని ఉంది. బ్రెయిన్ మ్యాపింగ్ దగ్గర రంగురంగుల తలకాయ బొమ్మలు వేసి ‘సజెస్టివ్ ఆఫ్ ఏడీహెచ్‌డీ’ అన్నారు. ఆ కిందే 40 సిట్టింగుల చికిత్స ప్యాకేజీ రేటు. ఇంట్లో ఎలా ఉంటాడని మమ్మల్ని గట్టిగా పది నిమిషాలు అడిగినవాళ్లు లేరు, టీచర్‌ని అసలే అడగలేదు.

బయటికొచ్చాక వాడు ఐస్‌క్రీం తింటూ అన్నాడు: “ఎక్స్ వస్తే నొక్కకూడదని నాకు తెలుసమ్మా. నా వేలే ముందు వెళ్లిపోయింది.”

మావారు ‘నార్మల్ అన్నారుగా, వదిలెయ్’ అంటున్నారు. మా అత్తగారు ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు అంతే’ అంటున్నారు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రిపోర్టు ఫొటోలు పెడుతున్నా, ఎవరికైనా అర్థమైతే చెప్పండి.

మోడరేటర్

ఫొటోలు తీసేశాం అండీ. బాబు పేరు, పుట్టిన తేదీ, స్కూలు అన్నీ కనిపిస్తున్నాయి. టెస్టు కాగితాలు కూడా ఎవరూ ఇక్కడ పెట్టొద్దు. పిల్లలు ముందే చూసేస్తే ఆ టెస్టు ఇక వాళ్ల విషయంలో పనికిరాదు. సెంటర్ పేరు రాయనందుకు థాంక్స్, అలాగే ఉంచండి.

నిదానం
క్లినికల్ సైకాలజిస్ట్, హైదరాబాద్

గుంటూరమ్మ గారూ, రక్తం తీసి షుగర్ ఉందో లేదో చెప్పినట్టు, ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చే టెస్టు ఇప్పటికి ఏదీ లేదు. మేమందరం వాడే డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని ఎలా గుర్తించాలో చెప్పే అమెరికా పుస్తకం, 2013లో వచ్చింది) ఏమడుగుతుందో చూడండి. ధ్యాస నిలవకపోవడానికి సంబంధించి 9 లక్షణాలు, కుదురులేనితనం, తొందరపాటులకు 9. మీవాడి వయసులో ఏదో ఒక జాబితాలో కనీసం 6 ఉండాలి, 6 నెలలుగా ఉండాలి. కొన్నైనా 12 ఏళ్లలోపు మొదలై ఉండాలి. ఇల్లు, బడి అని కనీసం రెండు చోట్ల కనిపించాలి. వాటివల్ల చదువో స్నేహాలో దెబ్బతింటూ ఉండాలి. దానికి వేరే కారణం లేదని తేల్చుకోవాలి. ఇందులో ఎక్కడా స్కోరు అన్న మాటే లేదు. అంతా అడిగి, చూసి, పోల్చి తెలుసుకునేదే. మీకు అక్కడ చేయకుండా వదిలేసింది ఆ పనే.

మరి కంప్యూటర్ టెస్టు దండగా అంటే, కాదు. ఈ రకం టెస్టులు 1956 నుంచీ ఉన్నాయి. అది చెప్పేది ఎంతవరకో తెలుసుకుంటే చాలు. ఏసీ గది, ఎదురుగా ఒక్క పెద్దమనిషి, చేతికి కొత్త ఆట. 14 నిమిషాలు చాలామంది ఏడీహెచ్‌డీ పిల్లలు లాక్కొచ్చేస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, 45 మంది ఉన్న గదిలో, సోషల్ పీరియడ్ వేరు. అందుకే టెస్టులో నార్మల్ వస్తే ఏడీహెచ్‌డీ లేదని కాదు. తేడా వచ్చినంత మాత్రాన ఉందనీ కాదు, ముందురోజు రాత్రి సరిగా నిద్రపోని పిల్లాడు, బెదిరిపోయిన పిల్లాడు కూడా అందులో తప్పులు చేస్తారు.

మీవాడి ‘వేలు’ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నొక్కకూడని చోట నొక్కితే కమిషన్ ఎర్రర్ అంటాం, నొక్కాల్సిన చోట వదిలేస్తే ఒమిషన్. మూడోది, నొక్కే వేగంలో నిలకడ: కాసేపు చకచకా, కాసేపు నిద్రలో ఉన్నట్టు. సగటు తీస్తే అంతా బాగానే కనిపిస్తుంది, నిలకడే ఉండదు. ఈ మూడింటికీ విడివిడిగా స్కోర్లు ఉంటాయి. ఆ పేజీ ఇవ్వమని అడగండి, మీ హక్కు.

బ్రెయిన్ మ్యాపింగ్ గురించి: ఈఈజీలో (తలకి వైర్లు అంటించి మెదడు తరంగాలు నమోదు చేసేది) నెమ్మదైన థీటా, వేగమైన బీటా తరంగాల నిష్పత్తి చూసే ఒక పరికరానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో అనుమతి ఇచ్చింది. అదీ డాక్టరు చేసే పూర్తి పరీక్షకి తోడుగా మాత్రమే. ఆ తర్వాతి పరిశోధనల్లో ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లోనూ అవే అంకెలు, ఉన్నవాళ్లలో మామూలు అంకెలు బోలెడు కనిపించాయి. ఆ రంగుల బొమ్మ చూసి 40 సిట్టింగులకు డబ్బు కట్టకండి.

మొండిఘటం

మా రోజుల్లో ఇవేవీ లేవు. అల్లరి చేస్తే రెండు తగిలించేవారు, దారికొచ్చేవాళ్లం. ఈ రోజుల్లో రెండున్నరేళ్లకే ప్లేస్కూల్లో పడేసి, కుదురుగా కూర్చోలేదని జబ్బు పేరు పెడుతున్నారు. పిల్లాడు పిల్లాడిలా ఉండకూడదా?

నిదానం

దెబ్బల సంగతి వదిలేస్తే మీ మాటలో సగం నిజముంది సార్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పిల్లల రికార్డులు చూశారు, 2012లో అచ్చయింది. అక్కడ బడిలో చేర్చే వయసుకి డిసెంబరు 31 కటాఫ్. ఒకే క్లాసులో జనవరిలో పుట్టిన మగపిల్లల కంటే డిసెంబరులో పుట్టినవాళ్లకి ఏడీహెచ్‌డీ అని రాయడం 30 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో 70 శాతం. అంటే క్లాసులో అందరికంటే చిన్నవాడైతే ఆ చిన్నతనాన్నే జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. మన దగ్గరైతే తొందరపడి ఒక ఏడు ముందే ఎల్‌కేజీలో వేసినవాళ్లు ఎంతమందో. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న పుట్టిన నెల, బడిలో వేసిన వయసు.

మిగతా సగం ఒప్పుకోను. దారికొచ్చినవాళ్లు మీకు గుర్తున్నారు. ఏడో తరగతిలో బడి మానేసినవాళ్లని ఎవరూ లెక్కపెట్టలేదు.

బడిగంట
ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

మేడమ్, డబ్బు ఖర్చు లేని పని ఒకటి చెప్తా. ఒక ట్రైనింగులో నేర్చుకున్నా. ఒక కాగితం మీద 30 గళ్లు గీసుకుంటా. 15 నిమిషాలు, ప్రతి 30 సెకన్లకి ఒకసారి తలెత్తి చూస్తా. పిల్లాడు పని మీద ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. కిటుకేంటంటే అదే సమయంలో అతని పక్కన కూర్చునే మామూలు పిల్లాడిని కూడా చూడాలి. లేకపోతే నా పాఠమే బోరుగా ఉందో, పిల్లాడికే ఇబ్బందో తెలియదు. ఒకరోజు చూస్తే ఇద్దరికీ సున్నాలే, తప్పు నాదేనని తేలింది.

పోయినేడు నాలుగో తరగతిలో ఒక బాబుని ఇలా చూశా. కథ చెప్పేటప్పుడు 30కి 26, పక్కవాడికి 27. తేడా ఏముంది? బోర్డు మీది లెక్కలు ఎక్కించుకోమన్నప్పుడు 11, పక్కవాడికి 24. వాళ్ల నాన్నకి ఆ రెండు కాగితాలూ ఇచ్చి పంపా. అంతకు ముందు డైరీలో నేను కూడా ‘శ్రద్ధ లేదు’ అనే రాసేవాణ్ని, సిగ్గుగా ఉంటుంది ఇప్పుడు తల్చుకుంటే.

మీ బాబు క్లాస్ టీచర్‌ని అడిగి చూడండి. ఒక్క పీరియడ్‌కి ఎవరూ కాదనరు.

డల్లాస్_నాన్న

మాది కడప, పదేళ్లుగా ఇక్కడే. ఇక్కడ పిల్లల డాక్టరు మొదట చేసేది వాండర్‌బిల్ట్ ఫారాలు చేతికివ్వడం. తల్లిదండ్రులకొకటి, టీచర్‌కొకటి. ఒక్కో లక్షణానికి 0 నుంచి 3 దాకా: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. 2 గానీ 3 గానీ వేస్తేనే ఆ లక్షణం లెక్కలోకి వస్తుంది.

మా అమ్మాయికి నేనూ మా ఆవిడా విడివిడిగా నింపాం. ధ్యాస జాబితాలో ఆవిడకి 9లో 8 వచ్చాయి, నాకు 3. డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒకటే అడిగింది: “హోంవర్క్ దగ్గర రోజూ ఎవరు కూర్చుంటారు?” నేను ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. సమాధానం అక్కడే దొరికింది.

ఇంకోటి. ‘తరచుగా’ అంటే ఎంత? మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు సరదాగా ఆమెతో నింపిస్తే అన్నీ సున్నాలే. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆమెకి మా అమ్మాయి బంగారు తల్లి. మా అమ్మాయి అల్లరి చెయ్యదు, కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. అందుకే రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. అల్లరి చేసే మగపిల్లలే ముందు కనబడతారు.

తూనీగ
విశాఖపట్నం

కిటికీ అన్నారు కాబట్టి చెప్పాలి. మా పాపకి 7 ఏళ్లప్పుడు టీచర్ ‘పగటి కలలు కంటోంది’ అనేది. నేనూ ధ్యాస సమస్యే అనుకున్నా. ఒకరోజు జడ వేస్తుంటే మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగింది. అద్దంలో కళ్లు చూశా, రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. పేరు పెట్టి పిలిచా, భుజం తట్టా, పలకలేదు. పది సెకన్లు అయ్యాక ఆగిన మాట దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టింది. తనకేం తెలియదు.

న్యూరాలజిస్ట్ చేతికి ఒక కాగితం ముక్కనిచ్చి ఆపకుండా ఊదమన్నారు. రెండో నిమిషంలో మా కళ్లముందే ఆగిపోయింది. ఈఈజీ తీశారు. అబ్సెన్స్ సీజర్స్, ఒక రకం మూర్ఛ. మందులతో తగ్గింది. ఊహల్లో ఉన్న పిల్లని తడితే ఈ లోకంలోకి వస్తుంది, మా పాప రాలేదు. ఆ తేడా ఒక్కటి గమనించండి.

అన్నట్టు, గురక పెట్టే పిల్లలకి ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) చూపించండి, చెవులు, కళ్లు కూడా. మా ఆడపడుచు కొడుక్కి కళ్లజోడు పెట్టాక సగం ‘అజాగ్రత్త’ పోయింది.

అవధానప్రియుడు
విశ్రాంత తెలుగు పండితుడు, తణుకు

ఈ టెస్టుల వర్ణన చదువుతుంటే నాకు అష్టావధానం గుర్తొచ్చిందమ్మా. ఎక్స్ వస్తే నొక్కకూడదంటే అది నిషిద్ధాక్షరి. నోటి చివర ఉన్న అక్షరాన్ని పృచ్ఛకుడు వద్దన్నాడని మింగెయ్యాలి. మధ్యమధ్యలో మోగే గంటల్ని లెక్కపెట్టుకోవడం ఘంటాగణనం. చివర పద్యాలన్నీ అప్పజెప్పడం ధారణ. ఇక పక్కన కూర్చుని అల్లరి ప్రశ్నలతో దారి తప్పించే అప్రస్తుత ప్రసంగం ఉండనే ఉంది, క్లాసులో పక్క బెంచీ పిల్లాడిలా!

నిదానం

మాస్టారూ, దీన్ని నేను నా స్టూడెంట్లకి చెప్పేస్తాను, అనుమతి ఇవ్వాలి. ధ్యాస అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో ఇన్ని పనులున్నాయి. ఆపుకోవడం వేరు, మేలుకుని కనిపెట్టుకుని ఉండడం వేరు, బుర్రలో పట్టుకుని తిప్పడం వేరు. ఒక్కో పిల్లాడికి ఒక్కోచోట తట్టుకుంటుంది. ఇలా విడదీసి చూడటానికే కాగ్నిటివ్ టెస్టులు. జబ్బు పేరు పెట్టడానికి కాదు, ఎలా చదువు చెప్పాలో తెలుసుకోవడానికి.

అంకెలు వెనక్కి చెప్పే టెస్టు గురించి ఒక సంగతి. 3-8-5 అంటే 5-8-3 అనాలి. పిల్లాడు ఏ భాషలో లెక్కపెడతాడో ఆ భాషలోనే అడగాలి. మన ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ పలకడానికి ‘ఎయిట్’, ‘నైన్’ కంటే ఎక్కువసేపు పడుతుంది. పలకడానికి పొడుగైనవి గుర్తుంచుకోవడమూ కష్టం. వెల్ష్ భాష మాట్లాడే పిల్లల విషయంలో ఇదే ఇబ్బందని 1980లోనే రాశారు. తెలుగు మీడియం బాబుని తెలుగులో అడిగి, ఇంగ్లీషు అంకెలకి తయారుచేసిన పట్టికలో చూసి ‘జ్ఞాపకశక్తి తక్కువ’ అని రాస్తే అన్యాయం. ఇంగ్లీషు మీడియం బాబుని తెలుగులో అడిగితే ఇంకా ఘోరం, ఇప్పటి పిల్లలకి ‘ముప్ఫై ఏడు’ అంటేనే తెలియట్లేదు.

గుంటూరమ్మ
(ఏడు వారాల తర్వాత)

అందరికీ చాలా చాలా థాంక్స్. ఏం జరిగిందో రాస్తున్నా.

చెవులు, కళ్లు చూపించాం, బాగానే ఉన్నాయి. రక్తంలో ఐరన్ కొంచెం తక్కువుంటే మందు ఇచ్చారు. తర్వాత వేరే ఊళ్లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. మొదటి రోజు బాబు అక్కర్లేదన్నారు. గంటన్నర మాతోనే, కడుపులో ఉన్నప్పటి నుంచి. మా అత్తగారు చెప్పింది కూడా రాసుకున్నారు. కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో ఇది 70–80 శాతం దాకా వంశపారంపర్యమనే తేలిందట. అది విన్నప్పటి నుంచి మావారు కొంచెం మెత్తబడ్డారు. ఫారం నింపి పంపడానికి క్లాస్ టీచర్ ఒప్పుకుంది. బడిగంట గారూ, మీ 30 గళ్ల కాగితం కూడా రెండుసార్లు చేసింది!

రెండో రోజు, మూడో రోజు పొద్దున్నే టెస్టులు. విస్క్ అనే ఐక్యూ టెస్టు ఇండియా ఎడిషన్ పెట్టారు. మాటలకి సంబంధించింది 119, బొమ్మలూ ఆకారాలూ 112, వర్కింగ్ మెమరీ (విన్నది బుర్రలో పట్టుకుని తిప్పడం) 91, ప్రాసెసింగ్ స్పీడ్ (చిన్న పనులు చకచకా చేసే వేగం) 82. సగటు పిల్లలకి 100 అట, 85 నుంచి 115 మధ్యలో మూడింట రెండొంతుల మంది ఉంటారట. మొత్తం ఐక్యూ ఎంతండీ అని మావారు అడిగితే, పైదానికీ కిందదానికీ 37 తేడా ఉన్నప్పుడు ఆ ఒక్క అంకె పట్టుకుని వేలాడొద్దన్నారు.

గుర్తులు ఎక్కించే టెస్టు ఒకటి ఉందట, 120 సెకన్లు టైము. మావాడు మొదటి వరస గబగబా వేశాడు. రెండో వరసలో ఒక గుర్తు వంకరగా వచ్చిందని రబ్బరు అడిగాడు. రబ్బరు లేదు, కానిచ్చెయ్ అంటే బల్ల కిందికి వంగి వెతికాడట. తర్వాత వేలికి ఉమ్ము తడి చేసుకుని చెరిపాడు. ఇదంతా రిపోర్టులో రాశారు! 82 అన్న అంకె కంటే ఆ పేరా చదివితేనే నాకు మావాడు కనిపించాడు.

ధ్యాసకి సంబంధించిన రకం ఏడీహెచ్‌డీ అన్నారు. చదవడంలో వయసుకి తగ్గట్టే ఉన్నాడు, డిస్లెక్సియా లేదు. ముందు మాకు కొన్ని సెషన్లు, స్కూల్లో కొన్ని మార్పులు, మూడు నెలలు చూసి మందుల సంగతి చైల్డ్ సైకియాట్రిస్ట్‌తో మాట్లాడదామన్నారు. బోర్డు మీది ప్రశ్నలు ఎక్కించుకునే పని లేకుండా టీచర్ ఇప్పుడు జిరాక్స్ ఇస్తోంది. జవాబులు మాత్రం వాడే రాయాలి. పోయిన వారం ఎర్ర సిరా ఒక్కసారే.

సిరి_అమ్మ
కరీంనగర్

అక్కా, మా పాపకి కూడా చేయించాలి. అంత డబ్బు లేదు మాకు. గవర్నమెంటులో ఉంటుందా? ఇక్కడొకరు మిసిక్ చేస్తామంటున్నారు, అదీ ఇదీ ఒకటేనా?

నిదానం

మీ జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి చూసే కేంద్రం) ఎక్కడో కనుక్కోండి అమ్మా. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర ప్రభుత్వ పథకం) కింద 18 ఏళ్లలోపు పిల్లలకి చూసే జబ్బుల జాబితాలో ఏడీహెచ్‌డీ, లెర్నింగ్ సమస్యలూ ఉన్నాయి. హైదరాబాద్ రాగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు) ఉంది, ఎర్రగడ్డలో మానసిక ఆస్పత్రి ఉంది. ఎవరి దగ్గరికెళ్లినా రిపోర్టు మీద సంతకం కింద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు, అదే సీఆర్ఆర్ నంబరు, ఉందో లేదో చూడండి.

మిసిక్ అంటే 1949 నాటి పాత విస్క్‌ని తీసుకుని 1969లో నాగపూర్‌లో మాలిన్ గారు మన పిల్లలకి తగ్గట్టు మార్చింది. తక్కువ ఖర్చు, ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. కానీ పట్టికలు మీ అమ్మానాన్నల కాలం పిల్లలవి. దాంట్లో వచ్చిన అంకెని విస్క్ అంకెతో పోల్చకండి. వెళ్లేటప్పుడు పాప కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి ఉండాలి. ఏదైనా మందు వేసి ఉంటే ముందే చెప్పాలి. ఇంట్లో ప్రాక్టీసు చేయించి తీసుకెళ్లకండి, ఆ అంకెలు ఎందుకూ కొరగావు.

గుంటూరమ్మ

తణుకు మాస్టారూ, మీకొకటి చెప్పాలి. మీ ఘంటాగణనం మావాడికి తెగ నచ్చింది. రాత్రి నేను కథ చదువుతుంటే వాళ్ల నాన్న మధ్యమధ్యలో గిన్నె మీద గరిటెతో కొడతారు, వీడు కథ వింటూనే లెక్కపెట్టుకోవాలి. దీనివల్ల క్లాసులో ధ్యాస పెరుగుతుందని ఆశపడొద్దు, సరదాకి ఆడుకోండి అని సైకాలజిస్ట్ ముందే చెప్పేశారు, అయినా ఆడుతున్నాం. నిన్న ఆయన 11 సార్లు కొడితే వీడు 9 అన్నాడు. మధ్యలో పిల్లి వచ్చిందట.

అవధానప్రియుడు

ఆ పిల్లిని సభలోంచి పంపించకండమ్మా, అప్రస్తుత ప్రసంగం అదే చేస్తోంది.